మొహానికి తేమ ఇంజెక్షన్లు: నెల్లూరు నుంచి చెన్నైకి మూడు ప్రయాణాలు

సంక్రాంతి సెలవులు ఇచ్చిన మర్నాడే నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. 22 ఏళ్ల టీచర్ ఉద్యోగం, రోజూ స్కూటీ మీద ఎండలో రాకపోకలు. 49 వచ్చేసరికి చెంపలు ఎండిపోయాయి. చెవుల ముందు చర్మం నలిపి వదిలిన పల్చటి కాగితంలా సన్న గీతలు పడింది. వైశాఖంలో అమ్మాయి పెళ్లి పెట్టుకున్నాం. పీటల మీద కూర్చున్నప్పుడు మొహం కాస్త కళగా ఉండాలని, చర్మానికి తేమ పట్టే ఇంజెక్షన్లు వేయించుకోవాలనిపించింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నాకు నేను చెప్పుకోడానికే రెండు నెలలు పట్టింది.

మా వదిన పెరంబూరులో ఉంటుంది. 30 ఏళ్లుగా చెన్నైలో ఉన్నా మాటలో నెల్లూరు యాస పోలేదు. సంగతి చెప్పగానే "మొహానికి సూదులేందే? బంగారం లాంటి మొహం" అంది. అన్నాక, "నేనూ వస్తా, చూద్దాం" అని తనే చెప్పులేసుకుంది.

మూడు చోట్లకు వెళ్లాం.

మొదటిది అన్నానగర్‌లో. సెంట్రల్ నుంచి మెట్రోలో నేరుగా వెళ్లొచ్చు, చేరుకోవడం చాలా సుఖం. లోపల ఏసీ, అద్దాలు, గులాబీ నీళ్ల వాసన. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి మా ఇద్దరినీ కూర్చోబెట్టి, నా మొహం సరిగ్గా చూడకుండానే ఆరు సిట్టింగుల ప్యాకేజీ చెప్పింది. ఈఎంఐ కూడా ఉందట. సూదంటే భయమైతే సూది లేని పెన్నుతో ఎక్కిస్తామంది. దాంతోపాటు రంగు తేలడానికి గ్లూటాథయోన్ సెలైన్ ఫ్రీ అంది. డాక్టరుగారు ఎప్పుడొస్తారని అడిగితే "మేడమ్ ఆన్‌లైన్‌లో చూస్తారు" అని జవాబు. ట్రేలో అప్పటికే మందు నింపి పెట్టిన సిరంజి ఒకటి ఉంది. అది ఎవరిదో, ఏ సీసాలోదో అడిగితే నవ్వి ఊరుకుంది.

అక్కడి నుంచి లేచి వచ్చేశాం. ఆ సూది లేని పెన్నుల సంగతి నేను ముందే చదువుకున్నాను. వాటితో ఫిల్లర్లు (చర్మం కింద నింపే మందులు) ఎక్కించుకోవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో హెచ్చరించింది. ఒత్తిడితో మందును లోపలికి కొట్టే పరికరం అది. ఎంత లోతుకు పోతుందో, ఎక్కడికి పోతుందో చేతిలో ఉండదు. రంగు తేలడానికి ఎక్కించే ఇంజెక్షన్ దేనికీ ఆ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. ఫ్రీగా ఇస్తామన్నా ఒప్పుకోకండి.

రెండోది నుంగంబాక్కంలో పెద్ద క్లినిక్. ఇక్కడ డాక్టరు నిజంగా ఉన్నారు, చర్మవ్యాధుల ఎండీ. గదులు శుభ్రంగా ఉన్నాయి. కెమెరా పెట్టి మొహాన్ని మూడు వైపుల నుంచి ఫోటోలు తీసి స్క్రీన్ మీద చూపించారు. కన్సల్టేషన్ 1,500, సిరంజి 29,000. వంక పెట్టడానికి ఏమీ లేదు గానీ, పది నిమిషాల్లోనే చెంపలకు ఒకటి, మెడకు ఒకటి, చేతులకు ఒకటి అని మూడు సిరంజిల లెక్క వేసి ఇచ్చారు. మెడ గురించి నేను అడగలేదు.

మూడోది టీనగర్‌లో, మేడ మీద రెండు గదుల క్లినిక్. లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న వదిన ప్రతి మలుపు దగ్గరా ఆగింది. ఒక గంట కూర్చున్నాక పిలిచారు. డాక్టరమ్మకు 50 దాటి ఉంటాయి. మా మాట వినగానే తెలుగులోకి మారిపోయారు. "మా ఇంట్లో తెలుగేనండి, చదవడం రాయడం మాత్రం రాదు" అన్నారు. అరవదేశంలో తరాలుగా ఉన్న తెలుగువాళ్లు చాలామంది ఈ మాటే అంటారు. విన్న ప్రతిసారీ నాకు మనసులో ఏదోలా ఉంటుంది.

ఆవిడ అడిగిన ప్రశ్నలు ఇంతకు ముందు ఎవరూ అడగలేదు. నెలసరి ఆగిందా, ఎప్పటి నుంచి? జుట్టు రాలుతోందా? మలబద్ధకం ఉందా? ఇంట్లో బోరు నీళ్లా? వేన్నీళ్లతో మొహం కడుగుతారా? ఏ మాత్రలు వాడుతున్నారు? ఎప్పుడైనా పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చాయా? తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో చెంప చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలి చూశారు. "ఇవాళ సూది వేయను. ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకుని, నెల రోజులు నేను చెప్పిన క్రీము, సన్‌స్క్రీన్ వాడి రండి" అన్నారు. 800 రూపాయలు తీసుకుని పంపేశారు. డబ్బులొచ్చే పని వాయిదా వేసిన డాక్టరు కాబట్టే ఆవిడ దగ్గరికే వెళ్లాలని ఆ మెట్ల మీదే అనుకున్నాను.

నెల్లూరులో పరీక్ష చేయిస్తే థైరాయిడ్‌లో తేడా తేలింది. మా ఫిజీషియన్ 25 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టారు. చర్మం పొడిబారడానికి అదీ ఒక కారణమే. ముట్లు ఆగే వయసులో ఈస్ట్రోజన్ తగ్గిపోయి చర్మంలో కొల్లాజెన్ తరగడం ఇంకో కారణం. నేను ఈ రెండూ తెలుసుకోకుండా నేరుగా సూదులకు డబ్బు పోసేదాన్నే.

ఒక జాగ్రత్త చెప్పాలి. సంక్రాంతి సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్లు భోగికి ముందే చూసుకోండి. పొంగల్ రోజుల్లో చెన్నైలో క్లినిక్‌లు మూసేస్తారు, ఊరు సగం ఖాళీ అయిపోతుంది. మేం రెండు రోజులు ముందుగా వెళ్లబట్టి పనైంది.

ఇంజెక్షన్‌కు ఫిబ్రవరి రెండో శనివారం వెళ్లాను. రెండో సిట్టింగు సరిగ్గా నాలుగు వారాలకు ఉండాలన్నారు. లీపు సంవత్సరం కాకపోతే ఫిబ్రవరి రెండో శనివారం నుంచి మార్చి రెండో శనివారానికి 28 రోజులే. సెలవు పెట్టే పని లేకుండా రెండూ కుదిరాయి. శనివారం పొద్దున పది ప్రాంతంలో రైలెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకు సెంట్రల్ చేరతాం. సాయంత్రం క్లినిక్, రాత్రి బస, ఆదివారం మధ్యాహ్నం మళ్లీ అదే పినాకినిలో వెనక్కి.

ఇక అసలు విషయం. నాకు వేసింది ప్రొఫైలో అనే ఇటలీ మందు. అందులో ఉండేది హయాలురోనిక్ ఆసిడ్. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రవేత్తలు ఆవు కంటి లోపలి జిగురు నుంచి దీన్ని మొదట వేరు చేశారు. మన ఒంట్లోనూ ఇది సుమారు 15 గ్రాములు ఉంటుంది, అందులో సగం చర్మంలోనే. నీటిని పట్టి ఉంచే పదార్థం ఇది. ఒంట్లో ఉన్నదానిలో మూడో వంతు రోజూ కరిగి మళ్లీ తయారవుతుంది. వయసుతోపాటు చర్మం పైపొరలో ఇది తగ్గుతూ వస్తుంది. మామూలు ఫిల్లర్ గుంటలు పూడుస్తుంది, ఆకారం మారుస్తుంది. ఈ రకం మందు చర్మం కింద పరుచుకుంటుంది, ఆకారం మార్చదు. జువెడర్మ్ వోలైట్, రెస్టిలేన్ వైటల్ లాంటివి కూడా తేమ కోసమే వాడతారు గానీ వాటి పద్ధతులు వేరు. కొన్నింటిలో మొహమంతా చిన్న చిన్న చుక్కలుగా ఎన్నో పోట్లు పొడుస్తారు. ప్రొఫైలోలో ఒక్కో వైపు ఐదే పోట్లు.

మత్తు క్రీము రాసి అరగంట కూర్చోబెట్టారు. తర్వాత డాక్టరమ్మ పెట్టె నా చేతికే ఇచ్చి "సీల్ చూసి మీరే విప్పండి" అన్నారు. పైన దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు, ఎమ్మార్పీ, గడువు తేదీ ఉన్నాయి. లోపల 2 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి, మందు 64 మిల్లీగ్రాములు. లాట్ నంబరు స్టిక్కర్లలో ఒకటి తన రిజిస్టరులో, ఇంకొకటి నా చీటీ మీద అంటించారు. హయాలురోనిడేజ్ ఉందా అని అడిగాను. ఈ ప్రశ్న మూడు చోట్లా అడిగాను. పొరపాటున మందు రక్తనాళంలోకి వెళ్లి అడ్డుపడితే దాన్ని కరిగించే మందు అది. అన్నానగర్ అమ్మాయికి ఆ పేరే తెలియదు. నుంగంబాక్కంలో ఉందన్నారు. ఇక్కడ లేచి ఫ్రిజ్ తలుపు తీసి సీసా చూపించారు.

తెల్ల పెన్సిల్‌తో గుర్తులు పెట్టారు: చెంప ఎముక మీద, ముక్కు పక్కన, చెవి ముందు, గడ్డం పక్కన, దవడ మూల దగ్గర. ఒక్కో గుర్తులో 0.2 మిల్లీలీటర్లు. ముక్కు పక్కన పోటు బాగా చురుక్కుమంది, మిగతావి చీమ కుట్టినట్టు ఉన్నాయి. పది నిమిషాల్లో అయిపోయింది. అద్దంలో చూసుకుంటే చర్మం కింద పది బఠాణీ గింజలు పెట్టినట్టున్నాయి. వేలితో తాకబోతే చెయ్యి పట్టుకున్నారు. నొక్కకూడదు, రుద్దకూడదు. 12 గంటలు మేకప్ లేదు. రెండు రోజులు ఆవిరి, పొయ్యి సెగ, గట్టి వ్యాయామం వద్దు. చర్మం తెల్లగా పాలిపోయినా, వల లాగా నీలం మచ్చలు కనిపించినా, భరించలేని నొప్పి వచ్చినా, చూపు మసకబారినా రాత్రి రెండైనా సరే ఫోన్ చేయమని తన సొంత నంబరు రాసిచ్చారు. క్లినిక్‌కు దగ్గర్లోనే బస ఎందుకు అవసరమో నాకు అప్పుడు అర్థమైంది.

కానీ ఆ రాత్రి నా బస దగ్గర్లో లేదు. గ్రీమ్స్ రోడ్డులో రూం తీసుకున్నాను. మామయ్యగారి ఆపరేషన్ అప్పుడు అక్కడే ఉన్నాం, అలవాటైన చోటు. గది 1,900. ఆస్పత్రికి వచ్చేవాళ్ల కోసం ఉన్న లాడ్జీలు అవి, సగం బోర్డులు బెంగాలీలో ఉంటాయి. ఏ అర్ధరాత్రైనా గంజి దొరుకుతుంది. థౌజండ్ లైట్స్ మెట్రో దగ్గరే, సెంట్రల్‌కు మూడో స్టేషన్. జబ్బుతో వచ్చినవాళ్లకు అంతకంటే మంచి చోటు చెప్పలేను. నా పనికి మాత్రం సరిపడలేదు. శనివారం సాయంత్రం పాండీబజార్ రద్దీలో ఆటో 40 నిమిషాలు పట్టింది, చెమట, పొగ. పైగా లాడ్జీ కుళాయిలో ఉప్పు నీళ్లు. మొహం మీద పోయగానే పోట్లు పొడిచిన చోట భగ్గుమంది. కిందికెళ్లి క్యాన్ వాటర్ రెండు సీసాలు తెచ్చుకుని వాటితో కడుక్కున్నాను.

మార్చిలో ఆ తప్పు చేయలేదు. టీనగర్‌లోనే క్లినిక్‌కు నడిచి వెళ్లేంత దూరంలో రూం, 2,600. సెంట్రల్‌లో దిగి, ఎదురుగా పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కితే మాంబళంలో దిగొచ్చు. అయితే మాంబళం స్టేషన్ బయట రంగనాథన్ వీధి జనంలో పెట్టె లాగడం కష్టం. సామాను ఉంటే మెట్రోలో నందనం దిగి ఆటో ఎక్కండి. వదిన ఇల్లు ఉండగా రూం ఎందుకని అడగొచ్చు. ఆ ఇంట్లో ఉంటే నేను వంటింట్లోకి వెళ్లకుండా ఉండలేను. వచ్చిన చుట్టాలందరికీ మొహం మీద ఉబ్బులు ఎందుకో చెప్పాలి.

రెండోసారి ఎడమ దవడ మూల కమిలింది, గోళీ అంత నీలం మచ్చ. ఆదివారం పొద్దున వెంకటనారాయణ రోడ్డులోని టీటీడీ గుడికి నడిచి వెళ్లాను. ఉబ్బులు అప్పటికే సర్దుకున్నాయి. క్యూలో నా ముందున్న పెద్దావిడ మచ్చ చూసి "ఏమ్మా, పడ్డావా?" అని తెలుగులోనే అడిగింది. ఇంజెక్షన్ అని చెప్పాను. "జాగ్రత్త తల్లీ" అని తన చేతిలోని పూలు కొన్ని నాకిచ్చింది. మచ్చ పోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. పెళ్లికి వారం ముందు ఎవరూ ఈ పని పెట్టుకోవద్దు. కనీసం నెల ముందు రెండో సిట్టింగు అయిపోవాలి.

ఫలితం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చెంపల గరుకుదనం పోయింది. చెవి ముందు గీతలు పూర్తిగా పోలేదు, మెత్తబడ్డాయి. పొద్దున లేవగానే మొహం బిగుసుకుపోయినట్టు ఉండేది, ఇప్పుడు లేదు. మంగు మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. ఈ మందుకు వాటితో సంబంధం లేదని డాక్టరమ్మ ముందే చెప్పారు. మచ్చలు ముదరకుండా ఆపింది సన్‌స్క్రీనే. థైరాయిడ్ మాత్ర వాటా ఎంతో, క్రీము వాటా ఎంతో, సూది వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. ఇది శాశ్వతం కూడా కాదు, ఆరు నెలలకు మళ్లీ చూసుకోవాలి. రెండు సిరంజిలకు 48,000, రైళ్లు, గదులు, ఆటోలు, క్రీములు కలిపి దాదాపు 60,000 అయింది. నాకు ఒక నెల జీతంలో పెద్ద ముక్క అది. పెళ్లి ఫోటోలు చూసుకున్నప్పుడు ఆ ఖర్చుకు బాధ కలగలేదు. ఏటా పెట్టగలనా అంటే పెట్టలేను.

వదిన సంగతి మిగిలింది. మార్చిలో తనూ వేయించుకుంటానంది. స్టెంట్ ఉంది, రోజూ ఎకోస్ప్రిన్ వేసుకుంటుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లకు కమిలిపోయే అవకాశం ఎక్కువ. మీ గుండె డాక్టరు రాసిస్తే తప్ప మాత్ర మానొద్దు, అలా రాయించుకు రాకుండా నేను సూది వేయను అన్నారు డాక్టరమ్మ. వదిన ఒక్క క్షణం ఆలోచించి, "గుండె మాత్ర మాని మొహానికి సూది ఎందుకమ్మా, ఆ క్రీమేదో నాకూ రాయండి" అంది. మొన్న ఫోన్ చేసి రెండో ట్యూబు అయిపోయిందని, నెల్లూరులో ఏమైనా తక్కువకు దొరుకుతుందేమో కనుక్కోమని చెప్పింది.