హైడ్రోజన్ డ్రమ్ మెషీన్: బ్రేకులు ఎలా వినిపిస్తాయి?

హైడ్రోజన్ ఉచితంగా దొరికే డ్రమ్ మెషీన్, అంటే కంప్యూటర్‌లో డ్రమ్స్ మోగించే సాఫ్ట్‌వేర్. తిరుపతిలో మా ఇంటి గదిలో భక్తి పాటలకు, జానపదాలకు రిథమ్ కట్టడానికి కొన్నేళ్లుగా దీన్నే వాడుతున్నాను. పాత ల్యాప్‌టాప్‌లోనూ తడబడదు. మామూలు నడకకు ఇబ్బందేమీ లేదు. చిక్కంతా పల్లవికీ చరణానికీ మధ్య, డ్రమ్స్ ఒక్కటే మోగే ఒకటి రెండు బార్ల (తాళం ఆవర్తాల) బ్రేకుతోనే. మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి కాబట్టి యంత్రం గుట్టు రట్టయ్యేది అక్కడే.

దానికి విరుగుడుగా మిక్సర్‌లో, మనిషి వాయించినట్టు అనిపించేలా చేసే హ్యూమనైజ్ మీటలు ఇచ్చారు. వాటిలో టైమింగ్ మీటను నేను ముట్టుకోను. అది దెబ్బలను ఒక లెక్కాపత్రం లేకుండా ముందుకీ వెనక్కీ జరుపుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో డప్పు వాయించేవారిని గమనించండి: లయ తప్పదు, చేతి బరువే దెబ్బదెబ్బకూ మారుతుంది. అందుకే వెలాసిటీలన్నీ (ఒక్కో దెబ్బ బలం, 0 నుంచి 1 వరకు) నేనే పెడతాను. అసలు స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బ 0.9 దగ్గర ఉంటే, మధ్యలో వినీ వినబడని ఘోస్ట్ నోట్లు 0.2, 0.3 దగ్గర. స్నేర్ కాస్త వెనక్కి లాగినట్టుండాలంటే దెబ్బను ముందుకో వెనక్కో జరిపే లీడ్-లాగ్‌లో ఆ ఒక్క దెబ్బనే ఆలస్యం చేస్తాను. ఇందులో కాలాన్ని కొలిచే చిన్న భాగాలు టిక్కులు, బీటుకు 48. నిమిషానికి 100 బీట్ల వేగంలో ఒక్కో టిక్కు 12.5 మిల్లీసెకన్లు. ఒకటి చాలు. నాలుగు జరిపితే తప్పు వాయించినట్టే ఉంటుంది.

కిట్ ఎంపిక కూడా ముఖ్యమే. ఒకే శాంపిల్ (రికార్డు చేసిన దెబ్బ) ఉన్న స్నేర్‌తో రోల్, అంటే గబగబా వరుస దెబ్బలు, వేస్తే కుట్టుమిషను నడిచినట్టుంటుంది. వెలాసిటీని బట్టి శాంపిల్ మారే, లేయర్లున్న కిట్ తీసుకోండి.

పెళ్లి కచేరీల్లో డ్రమ్స్ వాయించే తమ్ముడొకరు నా బ్రేకు విని, “అన్నా, ఈయనకు మూడు చేతులా?” అని అడిగాడు. రెండు చేతులతో టామ్‌ల (లోతుగా మోగే డ్రమ్ముల) మీద ఫిల్, అంటే ఖాళీని నింపే వరుస దెబ్బలు, నడుస్తుండగా హైహ్యాట్ (జంట తాళాలు) కూడా మోగుతోంది మరి! అప్పటి నుంచి ఫిల్ పడిన చోట హైహ్యాట్ చెరిపేయడం అలవాటైంది. ఫిల్ ముగింపులో క్రాష్ (పెద్ద తాళం) పడితే దానితోపాటే కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) కూడా ఉండాలి.

శబ్దం శుభ్రంగా ఉండాలంటే తెరిచిన, మూసిన హైహ్యాట్‌లను ఒకే మ్యూట్ గ్రూపులో పెట్టాలి. మూసిన దెబ్బ పడగానే తెరిచినదాని మోత ఆగుతుంది. టామ్‌ల రిలీజ్ (మోత అణగడానికి పట్టే సమయం) తగ్గిస్తే తర్వాతి కిక్ మీద మోత పేరుకోదు. మరీ తగ్గిస్తే చివర టిక్కుమంటుంది. వాద్యాలను విడివిడి ట్రాకులుగా ఎగుమతి చేసుకునే వీలుంది. హైహ్యాట్ ట్రాకులో 300 హెర్ట్జ్ కింది బరువు శబ్దాన్ని కోసేస్తాను. రివర్బ్ (గది ప్రతిధ్వని) స్నేర్‌కు మాత్రమే, అదీ పొట్టిది.

బ్రష్‌లతో వాయించే మెత్తని నడక మాత్రం దీనితో నాకు కుదరలేదు. అలాంటి పాటలకు ఆ తమ్ముడినే పిలుస్తున్నాను.