పోస్టర్ లేని రోజు వెళ్ళండి: మా ఊరి కామిక్స్ షాపు ఈవెంట్ల మీద సమీక్ష

విశాఖ ద్వారకానగర్ వెనక సందుల్లో, ఒక కోచింగ్ సెంటర్ పైన, మేడ మీద ఉన్న కామిక్స్ షాపు గురించి ఇది. అక్కడ కొనే పుస్తకాల గురించి కాదు, అక్కడ జరిగే కార్యక్రమాల గురించి. ధరలు ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువే ఉంటాయి, ఆ మాట ఓనరే చెబుతాడు. షాపు నిలబడింది శని, ఆదివారాల్లో మధ్యలో వేసే పొడవాటి టేబుల్ వల్ల. కొన్నేళ్ళుగా మా అమ్మాయితోనూ, తను రానన్న రోజు ఒక్కణ్ణీ వెళ్తూనే ఉన్నాను. షాపు పేరు రాయడం లేదు. రాస్తానంటే "వద్దు సార్, ఉన్నవే పది కుర్చీలు" అన్నాడు ఓనరు. ఆ సందులో ఎవర్ని అడిగినా చూపిస్తారు.

ముందే తేల్చి చెప్పేస్తాను. పోస్టర్ వేసి, ఇన్‌స్టాలో హడావుడి చేసి పెట్టేవాటికన్నా పోస్టర్ లేకుండా జరిగేవే అక్కడ బాగుంటాయి.

అన్నిటికన్నా మంచిది మార్పిడి ఆదివారం. మీ దగ్గరున్న పాత కామిక్స్ పట్టుకెళ్తే ఓనరు చూసి టోకెన్లు ఇస్తాడు. ఆ టోకెన్లతో ఇంకొకరు తెచ్చినవి తీసుకోవచ్చు. డబ్బు ప్రసక్తే లేదు. టోకెన్లు ఎన్నివ్వాలో ఆయన లెక్కగట్టే పద్ధతి చూడ్డమే ఒక చదువు. అట్ట చూడడు. నేరుగా మధ్య పేజీ తెరిచి పిన్నులు చూస్తాడు. మన ఊరి సముద్రపు గాలికి ముందు పాడయ్యేది పిన్నే. అది తుప్పు పట్టి, చుట్టూ కాగితానికి గోధుమరంగు మచ్చ పాకి, చివరికి ఆ చోట కాగితం పొడిపొడిగా రాలిపోతుంది. తర్వాత వెనక పేజీలో కూపన్ కత్తిరించారా, పజిల్ పెన్నుతో నింపారా, మొదటి పేజీలో పేరూ తరగతీ సెక్షనూ రాశారా అన్నవి చూస్తాడు. పేరు రాసి ఉంటే మాత్రం టోకెన్ తగ్గించడు. అదెందుకో అడిగితే "అది మచ్చ కాదు కదండీ" అంటాడు. బేరం ఆడితే వినడు, ఆ విషయంలో మొండిమనిషి.

ఈ పెట్టెల్లోకి వచ్చే సరుకు విశాఖలో తప్ప ఇంకెక్కడా ఈ రకంగా కలగలిసి ఉండదనుకుంటాను. నేవీ కుటుంబాలకు బదిలీ ఆర్డర్ వచ్చిందంటే ముందు ఖాళీ అయ్యేది పిల్లల పుస్తకాల అరే. అందుకని హిందీ కామిక్స్, నాగరాజ్, ధ్రువ లాంటి హీరోలవి, అట్టపెట్టెలకి అట్టపెట్టెలు వచ్చి పడతాయి. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్ నుంచి పాత ఇంద్రజాల్ కామిక్స్ ఇంగ్లీషువి వస్తాయి. ఆ సిరీస్ 1964లో మొదలై 1990లో ఆగిపోయింది కాబట్టి వచ్చేవన్నీ వయసు మళ్ళినవే. 1967లో మొదలైన అమర్ చిత్రకథలు తెలుగులో వచ్చినవి కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి గానీ పెట్టె తెరిచిన పావుగంటలో మాయమవుతాయి. 2014 హుద్‌హుద్ తుఫానులో తడిసినవి చూడగానే తెలిసిపోతాయి. న్యూస్‌ప్రింట్ పుస్తకమైతే అలలు తిరిగి, ఉబ్బి, ఎలాగోలా చదవడానికి వస్తుంది. నున్నటి ఆర్టు పేపరు మీద అచ్చేసినదైతే పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఒకే చెక్క అయిపోతుంది. ఖరీదైన పుస్తకమే ముందు పోయిందన్నమాట.

ఒకసారి పోర్టులో చేసి రిటైరైన పెద్దాయన పాత చందమామలు తెచ్చారు. ఏడాదివి ఒక సంపుటిగా గట్టి అట్టలతో బైండు చేయించారు, ముట్టుకుంటే ముచ్చటేస్తుంది. తెరిచి చూస్తే లోపల ముఖచిత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. బైండింగుకి ఇస్తే అట్టలు పీకి పారేసి లోపలి పేజీలు మాత్రమే కుట్టడం చాలా మందికి జరిగిందే. వడ్డాది పాపయ్య గారు, మన శ్రీకాకుళంలో పుట్టిన మనిషి, వ.పా. అని సంతకం పెట్టి వేసిన బొమ్మలు అలా ఎన్ని ఇళ్ళలోంచి చిత్తుకాగితాల్లోకి పోయాయో. పెద్దాయన మొహం చిన్నబోయింది. "శంకర్ గారి బొమ్మలు, చిత్రా గారి బొమ్మలు లోపల నిక్షేపంగా ఉన్నాయి కదా మాస్టారూ" అని ఓనరు టోకెన్లు పూర్తిగా ఇచ్చాడు. పక్కనే ఉన్న ఇంజినీరింగ్ కుర్రాడు అసలు చందమామ కామిక్సే కాదని అభ్యంతరం చెప్పాడు. బెలూన్లలో మాటలు లేవు కాబట్టి వాడన్నదీ నిజమే. కానీ 1947 జూలై నుంచి తెలుగు పిల్లలకి బొమ్మా కథా పక్కపక్కన పెట్టి చదవడం అలవాటు చేసిన పత్రికని ఈ టేబుల్ మీద పెట్టొద్దంటే ఎలా? ఆ వాదన ఇంకా తెగలేదు. వాడూ మానడు, నేనూ మానను.

మార్పిడి రోజునే మధ్యాహ్నం మరమ్మతు క్లాసు ఉంటుంది. ఇది ఎవరూ చెప్పుకోరు, నా దృష్టిలో షాపు చేసే అతి పనికొచ్చే పని ఇదే. పాతకాలం బైండరు ఒకాయన వచ్చి కూర్చుంటారు. తుప్పుపట్టిన పిన్ను లాగకూడదు. మధ్య పేజీ దగ్గర దాని రెండు కాళ్ళనీ మొద్దు చాకుతో మెల్లగా నిటారుగా లేపి, వెనక నుంచి బయటికి తీయాలి. మళ్ళీ పిన్ను కొట్టొద్దు. అవే కన్నాల్లోంచి దారంతో కుట్టాలి. చిరుగులకి పల్చటి టిష్యూ కాగితం, మైదా బంక. బంకలో పురుగు చేరకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతారు, అందుకని పిల్లల్ని గిన్నె దగ్గరికి రానివ్వరు. సెలోటేపు అంటించిన పుస్తకం తీశారో, ఆయన నోటికి దొరికిపోయారన్నమాటే. నాలుగేళ్ళకి టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం పచ్చగా కాగితంలోకి ఇంకి ఉండిపోతుంది. మా అమ్మాయి ఇప్పుడు ఇంట్లో సెలోటేపు కనపడితే దాచేస్తోంది. దీనికి వాళ్ళు తీసుకునేది దారం, కాగితం ఖర్చు మాత్రమే.

శనివారం సాయంత్రం బొమ్మల గంట. పేరుకి గంట గానీ ఎప్పుడూ రెండు గంటలకి తక్కువ కాదు. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ పిల్లలు ఇద్దరు ముగ్గురు వస్తారు, వాళ్ళే నేర్పిస్తారు. నాలుగు గళ్ళు గీసుకుని ఒక చిన్న సంగతి చెప్పాలి, అంతే. నేను బొమ్మలు గీయలేను, చూడ్డానికే వెళ్తాను. అయినా అక్కడ తెలుసుకున్న ఒక విషయం ఇంకెక్కడా ఎవరూ చెప్పగా వినలేదు. ఇంగ్లీషు కామిక్స్‌లో మాటలన్నీ సాధారణంగా పెద్ద అక్షరాల్లో, ఒకే ఎత్తులో రాస్తారు. వరస కింద వరస ఇటుకలు పేర్చినట్టు పేర్చుకుంటూ పోవచ్చు. తెలుగులో పైన గుడి, కింద వత్తు. పై వరసలోని వత్తు వచ్చి కింది వరసలోని గుడికి గుద్దుకుంటుంది. వరసల మధ్య ఖాళీ వదిలితే బెలూన్ ఉబ్బిపోయి మనిషి తల కప్పేస్తుంది. అక్షరం చిన్నది చేస్తే వత్తులు కనపడవు. అందుకని అక్కడ నేర్పేది తలకిందులు పద్ధతి. ముందు మాటలు రాయి, తర్వాత వాటి చుట్టూ బెలూన్ గియ్యి, మిగిలిన చోట మనిషిని కూర్చోబెట్టు. ఇంకా పట్టకపోతే బొమ్మని కాదు, మాటని కొయ్యి. "నువ్వు ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నావు?" అని రాసినవాడు చివరికి "ఎక్కడికి?" అన్నదానికి దిగొస్తాడు. కార్టూన్ల కింద బాపు గారి చేతిరాత అంత ముచ్చటగా ఎలా కుదిరేదో అప్పుడు అర్థమవుతుంది.

ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు మాంగా, అంటే జపాన్ కామిక్స్, పిచ్చోడు. జపాన్ పద్ధతిలో కుడి నుంచి ఎడమకి గళ్ళు వేసి, లోపల తెలుగు మాటలు రాశాడు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఎడమ నుంచి చదివారు. జవాబు ముందు, ప్రశ్న తర్వాత. చచ్చిపోయినవాడు రెండో గడిలో లేచి టీ తాగుతున్నాడు. వాడు చెప్పిన కథకన్నా మేం చదువుకున్న కథే బాగుందని అందరూ తేల్చారు, వాడికి కోపం వచ్చింది. నెలాఖరుకి పిల్లల స్ట్రిప్పులన్నీ కలిపి చిట్టి పుస్తకం చేస్తారు. ఒక ఎ4 కాగితం, మధ్యలో ఒక్క కోత, మడతపెడితే ఎనిమిది పేజీలు. పిన్ను లేదు కాబట్టి తుప్పు గొడవే లేదు. పక్క సందులో జెరాక్స్ తీయించి కౌంటర్ దగ్గర పెడతారు. కొనండి, బాగుంటాయి.

కార్డుల టోర్నమెంట్ల గురించి నాది కొంచెం పక్షపాతమే. ఆడేవాళ్ళకి అది పండగ. పోకెమాన్‌కైతే ఒక్కొక్కరిదీ 60 కార్డుల కట్ట. ఓడినా ఇంటికి పంపకుండా, అన్ని రౌండ్లూ దాదాపు సమానమైన స్కోరున్న వాళ్ళతో ఆడించే పద్ధతి. చిన్నపిల్లలకి అది మంచిదే. నకిలీ కార్డులు పట్టడానికి ఫోన్ టార్చి వెనక పెట్టి చూస్తారు. చాలా నకిలీల్లోంచి వెలుతురు ధారాళంగా ఇవతలికి వచ్చేస్తుంది, అసలు దాంట్లో మధ్య పొర అడ్డుకుంటుంది. ఫుట్‌పాత్ మీద కొన్న బంగారు రంగు కార్డులు అక్కడ బయటపడి కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లల్ని చూశాను. ఇక పెద్దవాళ్ళ అనుమానాలు వేరు. మనవణ్ణి దింపడానికి వచ్చిన ఒక మామ్మగారు గుమ్మంలోనే ఆగి, "ఏటి బాబూ, చిన్నపిల్లలచేత పేకాట ఆడిస్తన్నారేటి?" అని నిలదీసింది. ఓనరు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి ఆట మొత్తం వివరించాడు. ఆవిడ అంతా విని, "మరి డబ్బులెవరికొస్తాయి?" అంది. నా ఫిర్యాదు వేరు. టోర్నమెంట్ ఉన్న రోజు టేబుల్ మొత్తం వాళ్ళదే. పుస్తకం తీసి చూద్దామన్నా అరల దగ్గరికి దారి ఉండదు, గోలకి తల తిరుగుతుంది. చదవడానికి వెళ్ళేవాళ్ళు ఆ రోజు మానుకోవడం నయం.

మే మొదటి శనివారం ఫ్రీ కామిక్ బుక్ డే. ఇది అమెరికాలో 2002లో మొదలైంది. కాలిఫోర్నియాలో కామిక్స్ షాపు నడిపే ఒకాయన, పక్కనున్న ఐస్‌క్రీం షాపు ముందు ఫ్రీ ఐస్‌క్రీం కోసం నిలబడ్డ జనాన్ని చూసి, మనం పుస్తకాలు ఇస్తే ఏం అన్నాడట. అక్కడ ఆ రోజు కోసం ప్రచురణకర్తలే ప్రత్యేక సంచికలు వేస్తారు. షాపులు వాటిని చవగ్గా కొని ఉచితంగా పంచుతాయి. మన దగ్గర షాపుకి ఆ సంచికలు రావు. అమ్ముడుపోని పాత సంచికలే తలా ఒకటి. అదీ విశాఖ మే నెల ఉక్కపోతలో, మెట్ల మీద క్యూలో చెమటలు కక్కుకుంటూ. కథ రెండో భాగం చేతికొచ్చి మొదటి భాగం ఎక్కడని అడిగే పిల్లలే ఎక్కువ. బహుశా వాళ్ళు మొదటి భాగం కొనుక్కుంటారని ఓనరు ఆశేమో, తప్పు పట్టను. కానీ దాని కోసం గాజువాక నుంచో భీమిలి నుంచో రానక్కర్లేదు.

కాస్‌ప్లే రోజు, అంటే కామిక్స్ పాత్రల వేషాలు వేసుకొచ్చే రోజు, ఇంకా కష్టం. హైదరాబాద్‌లో జరిగే కామిక్ కాన్ అనే పెద్ద కామిక్స్ జాతర చూసొచ్చి అలాంటిది ఇక్కడా చేయాలని వీళ్ళ తాపత్రయం. ఆ ఉత్సాహాన్ని మెచ్చుకోవచ్చు గానీ ఆ గది దానికి చాలదు. ఫోమ్ షీట్లతో కవచం చేసుకుని వచ్చిన పిల్లాడు గుమ్మంలో పట్టక పక్కకి తిరిగి లోపలికి వస్తాడు. ఏసీ ఒక్కటే. బహుమతి చప్పట్లని బట్టి ఇస్తారు, అంటే ఎవరి ఫ్రెండ్స్ ఎక్కువ వస్తే వాళ్ళదే. రాత్రుళ్ళు కూర్చుని సొంతంగా కుట్టుకున్న అమ్మాయికి కాకుండా ఆన్‌లైన్‌లో కొన్న డ్రెస్సుకి ప్రైజు వెళ్ళడం నా కళ్ళారా చూశాను. డ్రెస్ ఖర్చు, ఆటో ఖర్చు, ఎంట్రీ ఫీజు అన్నీ కలిపితే మధ్యతరగతి ఇంటికి తక్కువేం కాదు. పెద్ద కాన్ చూడాలంటే డబ్బులు దాచుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదే వెళ్ళండి.

ఇంకో విషయం కటువుగానే చెప్పాలి. ఈవెంట్లకి వచ్చిన పిల్లల ఫొటోలు అడక్కుండా షాపు ఇన్‌స్టా పేజీలో పెట్టేవారు. మా అమ్మాయిది చూసి నేను గట్టిగా అడిగితే తీసేశారు, ఇప్పుడు ముందే ఒక కాగితం మీద సంతకం తీసుకుంటున్నారు. పద్ధతి మారింది గానీ అడిగేదాకా మారలేదు. టైమింగులు వాట్సాప్‌లో చెప్పినదానికన్నా ఎప్పుడూ అరగంట ఆలస్యం. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ మెట్లు నరకం. బండి పెట్టుకోవడానికి కోచింగ్ సెంటర్ వదిలేదాకా ఆగాల్సిందే.

అన్నిటికన్నా నాకు మనసులో ముల్లులా ఉన్నది తెలుగు అర. కింది వరసలో, తలుపు వెనక, వంగితే తప్ప కనపడదు. శనివారం పిల్లలు తెలుగులో అంత కష్టపడి బెలూన్లు సర్దుతుంటే, వాళ్ళు తల తిప్పి చూడ్డానికి కళ్ళెదురుగా ఒక తెలుగు కామిక్ ఉండొద్దా? ఓనర్ని అడిగితే "ఉన్నవే నాలుగు సార్, పైన పెడితే ఖాళీ కనపడుతుంది" అంటాడు. ఖాళీ కనపడనీ, అప్పుడైనా ఎవరైనా నింపుతారు అన్నాను. నవ్వేశాడు.

కాబట్టి మీరు కొత్తగా వెళ్తుంటే మార్పిడి ఆదివారం పొద్దున్నే, పెట్టెలు తెరిచే వేళకి వెళ్ళండి. పాత పుస్తకాలు ఏవున్నా ప్లాస్టిక్ కవర్లో కాకుండా గుడ్డసంచిలో పట్టుకెళ్ళండి, మన ఉక్కకి కవర్లో చెమ్మ పడుతుంది. మధ్యాహ్నం మరమ్మతు క్లాసు దాకా ఉండండి. తెలుగువి వస్తే ముందు నాకో మాట చెప్పమని ఓనరుతో ఎప్పుడో చెప్పి పెట్టాను. మీరు వెళ్ళేసరికి ఒక్కటీ మిగల్లేదంటే ఆయన్ని ఏమీ అనకండి, అవి మా ఇంట్లో ఉన్నాయి.