టూర్ గ్రాంట్ల వేట: చందా కట్టిన సైటు ఒకటి, ఉచితంగా దొరికిన ఆన్ ది మూవ్ ఒకటి

మా బ్యాండ్‌లో ఐదుగురం. విదేశంలో ఒక ఫెస్టివల్ నుంచి పిలుపు వచ్చిన రోజు ఎంత ఎగిరామో, మెయిల్ చివర్లో ప్రయాణ ఖర్చులు కళాకారులే పెట్టుకోవాలన్న లైను చదివాక అంత చప్పబడిపోయాం. ఐదు టికెట్లు, ఐదు వీసాలు, వాయిద్యాలకు అదనపు లగేజీ. సరే, గ్రాంట్లు వెతుకుదాం అన్నారు, ఆ పని నా నెత్తిన పడింది, ఎందుకంటే బ్యాండ్‌లో ఎక్సెల్ తెరవడం వచ్చింది నాకొక్కడికే.

ముందు డబ్బు కట్టిన సైటు గురించి. పేరు చెప్పను గానీ, మొదటి పేజీలోనే వేల గ్రాంట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, చూడగానే ఆశ పుడుతుంది. ఏడాది చందా కట్టేశాను. సంగీతం, టూరింగ్ అని టిక్ పెడితే మూడొందల పైచిలుకు వచ్చాయి. మొదటిది తెరిస్తే చిత్రకారులకు రెసిడెన్సీ, అంటే కొన్నాళ్లు ఒకచోట ఉండి బొమ్మలు వేసుకునే అవకాశం. రెండోది స్కూలు ఆర్కెస్ట్రాలకు వాయిద్యాలు కొనిపెట్టే ట్రస్టు. మూడోది నిజంగానే టూరింగ్ గ్రాంటు, పక్కనే పచ్చ రంగులో ‘ఓపెన్’ అని కూడా ఉంది. రెండు రాత్రులు కూర్చుని బ్యాండ్ పరిచయం, వీడియో లింకులు, బడ్జెట్ అన్నీ సిద్ధం చేసుకుని అసలు సంస్థ పేజీకి వెళితే, గడువు ముగిసి నాలుగు నెలలైంది! కస్టమర్ కేర్‌కు రాస్తే, వివరాలు దరఖాస్తు చేసేవాళ్లే సరిచూసుకోవాలని జవాబు. మరి నేను చందా కట్టింది దేనికో.

పాత గడువులు ఎలాగో సర్దుకోవచ్చు. అసలు లోపం వేరే ఉంది. ఏ సంగీతం వాయిస్తారని అడుగుతుంది, ఎంతమంది అని అడుగుతుంది, మీరు ఏ దేశంలో ఉంటారని మాత్రం ఎక్కడా అడగదు. టూర్ డబ్బు విషయంలో మొట్టమొదట తేలాల్సింది అదే. ఈ డబ్బులో ఎక్కువ భాగం వెళ్లే దేశం ఇచ్చేది కాదు, బయల్దేరే దేశం ఇచ్చేది, తన సంగీతం బయట వినిపించాలని. బ్రిటన్‌లో పీఆర్ఎస్ ఫౌండేషన్ నడిపే ఇంటర్నేషనల్ షోకేస్ ఫండ్ అక్కడి కళాకారులకు. కెనడా వాళ్లకు ఫ్యాక్టర్ అనే నిధుల సంస్థ ఉంది, న్యూజిలాండ్ వాళ్లకు అక్కడి మ్యూజిక్ కమిషన్ ఇచ్చే అవుట్‌వర్డ్ సౌండ్ ఉంది. మిడ్ అట్లాంటిక్ ఆర్ట్స్ నడిపే యూఎస్ఆర్టిస్ట్స్ ఇంటర్నేషనల్ కూడా అంతే, అమెరికాలో ఉంటూ బయటి ఫెస్టివల్ నుంచి పిలుపు అందుకున్నవాళ్ల కోసం. పేరులో ఇంటర్నేషనల్ అని చూసి మనకూ వర్తిస్తుందనుకుంటాం, ఆ మాట డబ్బు ఎటు వెళ్తుందో చెబుతుంది గానీ దరఖాస్తు ఎటునుంచి రావచ్చో చెప్పదు. ఇది తెలియక ఒక వారం పోగొట్టుకున్నాను. ఆ మూడొందల్లో మాకు అర్హత ఉన్నవి చివరికి నాలుగు తేలాయి.

ఆన్ ది మూవ్ గురించి తోటి గాయని ఒకామె చెప్పింది. కళాకారుల ప్రయాణాల మీద సమాచారం ఇచ్చే అంతర్జాతీయ నెట్‌వర్క్ ఇది, చదవడానికి పైసా అక్కర్లేదు. చూడటానికి ఏమంత ఆకర్షణగా ఉండదు, సంగీతం ఒక్కటే కాదు, నాటకం, నృత్యం, చిత్రకళ అన్నీ కలిసే ఉంటాయి, ఓపిగ్గా ఏరుకోవాలి. కానీ ఇందులో దేశాల వారీగా నిధుల గైడ్లు ఉన్నాయి. మీ దేశం గైడు తెరిస్తే అక్కడినుంచి బయటికి వెళ్లేవాళ్లకు ఎవరిస్తారు, బయటినుంచి వచ్చేవాళ్లకు ఎవరిస్తారు అన్న తేడా కనిపిస్తుంది. వాక్యాలు చదువుతుంటేనే తెలుస్తుంది, ఎవరో మనిషి కూర్చుని ఒక్కొక్కటీ చూసి రాశాడని. గైడు ఎప్పటిదో మాత్రం చూసుకోండి, లింకు నొక్కి అసలు పేజీలో నిర్ధారించుకోవడం ఇక్కడా తప్పదు. వీసాలు, పన్నుల గురించి కళాకారులకు సలహా ఇచ్చే మొబిలిటీ ఇన్ఫో పాయింట్లు కొన్ని దేశాల్లో ఉన్నాయని కూడా ఇక్కడే తెలిసింది, నాకైతే గ్రాంట్ల కన్నా అదే ఎక్కువ అక్కరకొచ్చింది.

ఎందుకంటే బడ్జెట్ దగ్గర నేను పప్పులో కాలేశాను. కార్యక్రమానికి ఇచ్చే పారితోషికం మొత్తం చేతికొస్తుందని లెక్క రాసుకున్నాను. వాయించిన దేశంలోనే పన్ను పట్టుకోవడం చాలాచోట్ల మామూలు, అమెరికాలో విదేశీ కళాకారుల పారితోషికంలో 30 శాతం ముందే కోసి ఇస్తారు, తగ్గించుకోవాలంటే ముందుగా కాగితాలు పెట్టుకోవాలి. ఇది తెలియకపోతే గ్రాంటు వచ్చినా చేతిచమురు వదిలిపోతుంది. ఇలాంటివి చందా సైటులో ఒక్క ముక్క లేదు.

ఇంకొకటి, చాలా గ్రాంట్లు అయిపోయిన ఖర్చుకు డబ్బివ్వవు. టికెట్లు చవగ్గా ఉన్నాయని ముందే కొనేసుకుని తర్వాత దరఖాస్తు పెడితే ఆ ఖర్చు లెక్కలోకి రాకపోవచ్చు. ఫెస్టివల్ నుంచి సంతకంతో పిలుపు లేఖ, తేదీలతో సహా, చేతిలో ఉంటే గానీ కొన్ని ఫారాలు ముందుకే కదలవు. గడువు సాయంత్రం అయిదు అంటే గ్రాంటు ఇచ్చేవాళ్ల గడియారంలో అయిదు.

మాకు మూడో దరఖాస్తుకు గ్రాంటు వచ్చింది, అదీ ఖర్చులో సగం కన్నా కాస్త తక్కువే. చివరి విడత డబ్బు టూర్ నివేదిక, రసీదులు ఇచ్చాకే వేస్తామన్నారు, అంటే ముందు జేబులోంచి పెట్టుకోవాలన్నమాట. బోర్డింగ్ పాసులు దాచమని అందరికీ వందసార్లు చెప్పాను. మా డ్రమ్మర్ తనదాన్ని చూయింగ్ గమ్ చుట్టి విమానంలోనే పారేశాడు. ఆ కాగితం కోసం విమాన సంస్థకు ఏడు మెయిళ్లు రాశాను.

రేటింగ్ అడిగితే ఆన్ ది మూవ్‌కు అయిదులో నాలుగు, సంగీతం వరకే విడిగా ఉండి ఉంటే అయిదూ ఇచ్చేవాణ్ణి. చందా సైటుకు ఒకటి, అదీ ఆ నాలుగు అర్హతల్లో ఒకటి పనికొచ్చినందుకు. కట్టేశారా, అయితే ఏడాది పూర్తయ్యేలోపే ఆటో రెన్యువల్ ఆపేయండి. ఆ బటన్ బిల్లింగ్ పేజీలో లేదు, ప్రొఫైల్‌లోకి వెళ్లి ఫొటో మార్చుకునే చోటు కింద, బూడిద రంగులో చిన్న అక్షరాల్లో ఉంటుంది.