టూసాన్ దగ్గర టైటాన్ క్షిపణి గొయ్యి: దిగి చూసి రావాల్సిన చోటు

అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ చూసేశాం, ఇంకేముందిలే అనుకునేవాళ్లు ఒకసారి దక్షిణానికి బండి తిప్పండి. ఫీనిక్స్ నుంచి టూసాన్‌కు సుమారు రెండు గంటలు. అక్కణ్ణుంచి ఇంకో అరగంట వెళ్తే టైటాన్ మిసైల్ మ్యూజియం, ఒకప్పుడు అణు క్షిపణిని ఉంచిన భూగర్భ గొయ్యే ఇది. ఆ ఐ-19 హైవే మీద దూరాలు కిలోమీటర్లలో రాసి ఉంటాయి, కంగారు పడకండి.

అమెరికా, సోవియట్ యూనియన్ అణ్వస్త్రాలు ఎక్కుపెట్టుకుని కూర్చున్న కాలంలో, 1963 నుంచి 1987 దాకా, అమెరికా 54 టైటాన్-2 క్షిపణులను గోతుల్లో సిద్ధంగా ఉంచింది. టూసాన్ చుట్టూనే 18. ఒక్కోదాని మీద 9 మెగాటన్నుల బాంబు, అంటే హిరోషిమా బాంబుకు దాదాపు 600 రెట్లు.

టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, నడవడానికి వీలైన బూట్లు వేసుకోండి. 55 మెట్లు దిగాలి. కింద మూడు టన్నుల ఉక్కు తలుపులు దాటితే కంట్రోల్ రూమ్. దగ్గర్లో బాంబు పడినా తట్టుకునేలా ఆ గది మొత్తాన్ని భారీ స్ప్రింగుల మీద వేలాడదీశారు.

అసలు చూడాల్సింది ఆ గదినే. రెండు తాళాలు వేసిన ఎర్ర బీరువా, అందులో క్షిపణిని ప్రయోగించే రెండు తాళంచెవులు. ఒక్కడే రెండూ తిప్పలేనంత దూరంలో రెండు బల్లలు. ఇద్దరు అధికారులు ఒకేసారి తిప్పి 5 సెకన్లు పట్టుకోవాలి. మా బృందంలో ఒక స్కూలు పిల్లను కమాండర్ కుర్చీలో కూర్చోబెట్టి తిప్పించారు. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. నిజంగా అయితే 58 సెకన్లలో క్షిపణి లేచిపోయేది, ఇక వెనక్కి పిలిచే దారి లేదు. లక్ష్యం ఏ ఊరో సిబ్బందికి చెప్పేవాళ్లు కాదు. వాళ్లకు తెలిసింది 1, 2, 3 అనే అంకెలే. నన్ను అన్నిటికంటే కలచివేసింది ఇదే. పదేళ్లు దాటిన పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి.

పైకొచ్చాక గోతి మూత చూడండి. 760 టన్నుల ఆ మూతను సగం తెరిచి, మళ్లీ కదలకుండా బిగించేశారు. లోపలి క్షిపణి ముక్కుకు పెద్ద కన్నం కోశారు. ఆయుధం పనిచేయదని సోవియట్ ఉపగ్రహాలు ఆకాశం నుంచే సరిచూసుకోవడానికి ఈ ఏర్పాటు.

వెళ్లే ముందు 1980 సెప్టెంబరు నాటి డమాస్కస్ ప్రమాదం గురించి చదువుకోండి. అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రంలో డమాస్కస్ అనే ఊరి దగ్గర ఇలాంటి గోతిలోనే, మరమ్మతు చేస్తుండగా జారిపడ్డ ఒక సాకెట్ (నట్లు తిప్పే పనిముట్టు) ఇంధన ట్యాంకుకు చిల్లు పెట్టింది. కొన్ని గంటలకు క్షిపణి పేలి ఒకరు చనిపోయారు. బాంబు ఎగిరి బయటపడింది గానీ పేలలేదు. ఆ సంగతి తెలిసి చూస్తే లోపలి ప్రతి గొట్టమూ వేరుగా కనిపిస్తుంది.

బసకు పక్కనే ఉన్న గ్రీన్ వ్యాలీ ప్రశాంతం, రిటైరైనవాళ్ల ఊరు. భోజనానికి మాత్రం టూసానే నయం. శాకాహారులు మెక్సికన్ బీన్స్‌లో పంది కొవ్వు కలిపారేమో అడిగి తినండి.

టూసాన్‌లోని పిమా విమానాల మ్యూజియం కూడా మంచిదే, బి-52 బాంబర్లు ఉన్నాయి. కానీ చాలావరకు ఎండలో నడక, సగం రోజు పడుతుంది. రెండిటికీ సమయం లేకపోతే నా ఓటు గోతికే. నవంబరు నుంచి మార్చి లోపు వెళ్తే హాయిగా ఉంటుంది.