‘ఏడు రోజుల్లో వంద టర్కిష్ క్రియలు’ కొనబోతున్నారా? కాస్త ఆగండి

ఫోనులో ప్రకటన చూసి టర్కిష్ పాఠాలకు డబ్బు కట్టబోతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నాకు పోయింది ₹1,499. దానికన్నా ఎక్కువ కడుపుమంట ఏమిటంటే, తప్పులను శ్రద్ధగా వల్లెవేస్తూ వారాలు గడిపాను.

ఉద్యోగం మీద టర్కీలోని ఇజ్మీర్ నగరానికి రావలసి వచ్చింది. ప్రయాణానికి ఆరు వారాల ముందు ఆ ప్రకటన కంటబడింది. వంద ముఖ్యమైన క్రియలు, తెలుగులో వివరణ, ఏడు రోజులు చాలు అన్నారు. పేజీ పైన ఒక గడియారం, పదిహేను నిమిషాల్లో రాయితీ ముగుస్తుందని తరుముతోంది. కంగారులో కట్టేశాను. మర్నాడు అదే పేజీ తెరిస్తే గడియారం మళ్ళీ పదిహేను దగ్గరే మొదలైంది. ఇలా ఉత్తుత్తి తొందర పెట్టడం కుదరదని 2023 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చిందని నాకు తరువాత తెలిసింది. మీరు ముందే తెలుసుకోండి.

చేతికి వచ్చింది 34 పేజీల పీడీఎఫ్. వీడియో పాఠాలు ‘త్వరలో’ అట. ఎడమవైపు టర్కిష్ క్రియ, కుడివైపు తెలుగు అర్థం, కింద ఒక ఉదాహరణ. చూడడానికి ముచ్చటగా ఉంది. తయారుచేసినవారు ఇంగ్లీషు జాబితా ఒకటి తీసుకుని, దాన్ని యంత్రంతో ఇటు టర్కిష్‌లోకి, అటు తెలుగులోకి మార్చారని పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఒక్కటి చూపిస్తాను. ‘చాల్మాక్’ అంటే ‘ఆడు’ అని రాశారు. ఇంగ్లీషులో ఆటకూ, వాద్యానికీ ‘ప్లే’ ఒకటే కదా, తిప్పలు అక్కడ మొదలయ్యాయి. చాల్మాక్ అంటే వాద్యం వాయించడం. తలుపు తట్టడం కూడా. దానికి ఇంకో అర్థం దొంగిలించడం. ఆటలు ఆడడానికి ‘ఒయ్‌నామాక్’ అనే క్రియ విడిగా ఉంది. ఆ పుస్తకంలో ఉదాహరణ, ‘పిల్లవాడు బంతి ఆడుతున్నాడు: చొజుక్ తొప్ చాలియోర్’. టర్కీలో ఈ మాట ఎవరు విన్నా పిల్లవాడు బంతి దొంగిలిస్తున్నాడనే అర్థం చేసుకుంటారు. ‘చెక్మెక్’ అంటే లాగడం, బ్యాంకు నుంచి డబ్బు తీయడం. దానికి ‘బొమ్మ గీయు’ అని రాశారు. ఇదీ ఇంగ్లీషు పుణ్యమే, అక్కడ వీటన్నిటికీ ‘డ్రా’ ఒకటే.

ఇంకో తప్పు అసలు ప్రమాదకరమైనది. 1928లో తెచ్చిన టర్కిష్ లిపిలో 29 అక్షరాలున్నాయి. అందులో చుక్క ఉన్న ‘ఐ’ ఒకటి, చుక్క లేని ‘ఐ’ ఒకటి, రెండూ వేరు వేరు శబ్దాలు. వీళ్ళు అన్నింటికీ చుక్క పెట్టేశారు. ‘నాకు విసుగు పుట్టింది’ అనే మామూలు మాట ఆ చుక్కతో నలుగురిలో అనకూడని బూతుగా మారుతుంది. ఇంటి యజమానురాలికి సందేశం పంపబోయే ముందు ఇక్కడి తరగతిలో ఉపాధ్యాయురాలికి చూపించాను కాబట్టి బతికిపోయాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సరే, తప్పులన్నీ దిద్దినా ఆ పుస్తకం అక్కరకు రాదు. ఎందుకంటే వంద క్రియలనూ ‘మెక్’, ‘మాక్’ అంత్యంతో వదిలేశారు. తెలుగు నేర్చుకునేవారికి ‘రావడం, పోవడం, దిగడం’ అని జాబితా ఇచ్చి ఇక వెళ్ళి మాట్లాడమన్నట్టు. వచ్చిన మొదటి వారంలోనే నాకు అది అర్థమైంది. దొల్ముష్ ఎక్కాను, అంటే మన షేర్ ఆటోలా చేయి ఊపినచోటల్లా ఆగే చిన్న వ్యాను. దిగే చోటు రాగానే ‘ఇన్మెక్! ఇన్మెక్!’ అన్నాను, అంటే ‘దిగడం! దిగడం!’ అని. డ్రైవరు అద్దంలో నన్ను ఒకసారి చూసి బండి పోనిచ్చాడు. రెండు సందులు దాటాక పక్కన కూర్చున్న పెద్దావిడ నాకోసం గొంతెత్తింది: ‘ఇనెజెక్ వార్!’ బండి ఆగింది.

‘ఇనెజెక్’ అంటే దిగబోయేవారు, ‘వార్’ అంటే ఉన్నారు. ‘దిగేవాళ్ళున్నారు’ అని మన బస్సుల్లో అరిచే కేకే, మాటకు మాట! నడిరోడ్డు మీద నిలబడి నవ్వుకున్నాను. తెలుగువాడికి ఇంత దగ్గరగా ఉన్న భాషను ఇంగ్లీషు మీదుగా తిప్పి తెచ్చి అమ్మారు.

నిజంగా దగ్గరే. క్రియ చివరికే వస్తుంది, కాలం, వ్యతిరేకం, నేను, నువ్వు అన్నీ దాని తోకకే అతుక్కుంటాయి. గెల్మెక్‌కు (రావడం) ‘మెక్’, ఆల్మాక్‌కు (తీసుకోవడం) ‘మాక్’ ఎందుకని తల పట్టుకోనక్కరలేదు. మనం హరికి అనీ గురువుకు అనీ ముందున్న అచ్చును బట్టి మార్చుకోవడం లేదా? ‘గెల్ది’ అంటే వచ్చాడు. ‘గెల్మిష్’ అంటే వచ్చాడట. మనం కళ్ళారా చూడని సంగతికి తగిలించే ‘ట’ వాళ్ళకూ ఉంది! పీడీఎఫ్‌లో దీనికి ఇచ్చిన వివరణ ‘నివేదించబడిన భూతకాలం’. ఆ రెండు మాటలు రాసినవారికి తెలుగు వచ్చా అని కూడా అనుమానమే.

మనకు భిన్నంగా ఉండేది విభక్తుల దగ్గర. ‘నన్ను అడుగు’ అనాలంటే అక్కడ ‘నాకు అడుగు’ అనాలి. బస్సు ఎక్కడానికి ‘బస్సుకు’, కుక్కంటే భయపడడానికి ‘కుక్క నుంచి’. కాబట్టి ఏ క్రియకు ఏ విభక్తి పడుతుందో పక్కన రాయని జాబితాకు పైసా కూడా ఇవ్వకండి.

కొనే ముందు అమ్మేవారిని రెండు ముక్కలు అడగండి. గిత్మెక్ (వెళ్ళడం), యెమెక్ (తినడం), వీటి వర్తమాన రూపాలు రాసి పంపమనండి. గిదియోర్, యియోర్ అని వస్తే మనిషి చూసినట్టే. నా పుస్తకంలో గితియోర్, యెయోర్ అని ఉన్నాయి. అర్థాలు సరిచూసుకోవడానికి టర్కిష్ భాషా సంస్థ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. అర్థాలు టర్కిష్‌లోనే ఉంటాయి కాబట్టి మొదట్లో కష్టమే, అయినా అక్కడ చుక్కలు సరిగ్గా ఉంటాయి.

డబ్బు సంగతి. వాపసు అడిగితే ‘డిజిటల్ సరుకు తెరిచాక వాపసు ఉండదు’ అని ఒకే జవాబు నాలుగుసార్లు పంపారు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు సైటులో ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ సైటులో పేరూ లేదు, ఫోనూ లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోను చేసి నా తరఫున ఇంట్లోవాళ్ళు ఫిర్యాదు నమోదు చేయించారు. మూడు వారాలకు అమ్మకందారు నుంచి కదలిక వచ్చింది: డబ్బుకు బదులు ‘వంద టర్కిష్ నామవాచకాలు’ ఉచితంగా ఇస్తారట! వద్దన్నాను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. మీరు కట్టినప్పటి ప్రకటనను, రసీదును ఫొటో తీసి దాచుకోండి. నేను ప్రకటనను దాచుకోలేదు, ఇప్పుడు ఆ మాట మేము అనలేదంటున్నారు.

నిన్న అదే ప్రకటన మళ్ళీ కనిపించింది. అట్ట రంగు మారింది. ఈసారి రెండు వందల క్రియలట, అయిదు రోజులు చాలట.