కాటా మీద పెట్టాకే ఎసిటోన్ కొంటున్నాను

భీమిలి దగ్గర ఫైబర్ బోట్ల మరమ్మతు పని నాది. తొమ్మిదేళ్లుగా ఎసిటోన్ ముట్టుకోని రోజు లేదు. జిగురునూ జిడ్డునూ కరిగించి ఇట్టే ఆవిరైపోయే ద్రవం అది. రెసిన్ (బోటుకు పూసే, ఆరితే గట్టిపడే జిగురు) పట్టిన బ్రష్షు గట్టిపడకముందే అందులో ముంచి రెండుసార్లు జాడిస్తే వెంట్రుకలు మళ్లీ విడివిడిగా వచ్చేస్తాయి. మ్యాట్, అంటే రెసిన్‌తో అతికించే గాజునారు పొర, వేసే ముందు గుడ్డతో రాస్తే ఎంత జిడ్డయినా వదులుతుంది. "ఆరిందంటే ఏమీ మిగలదు" అని పని నేర్చుకునే కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి.

రెండేళ్ల కిందట జూన్ మొదటి వారం. వేట నిషేధం 14తో అయిపోతుంది, 15 తెల్లారేసరికి బోట్లన్నీ నీళ్లలో ఉండాలి. క్యాన్ ఖాళీ అయింది. ఎప్పుడూ కొనేచోట సరుకు లేకపోతే ఇంకో దుకాణంలో లూజుగా పది లీటర్లు తెచ్చాను, ధర కూడా తక్కువే. ఒక బోటు అడుగున బారెడు పగులు. గరుకు కాగితం పట్టి, తుడిచి, మూడు పొరలు మ్యాట్ వేశాను. చూడ్డానికి బాగానే కుదిరింది. 17న ఓనరు వచ్చాడు. "ఏటి బాబూ, ఒక్క వేటకే అతుకు లేచిపోనాది" అన్నాడు. గోటితో అంచు పట్టి లాగితే చపాతీలా ఊడి వచ్చింది. అడుగు భాగం ఇంకా జిగటగా ఉంది. నా తొమ్మిదేళ్ల పనిలో అంత సిగ్గుపడ్డ రోజు లేదు.

మిగిలినదాన్ని ఒక గాజు పలక మీద నాలుగు చుక్కలు వేసి ఆరనిచ్చాను. మబ్బుగా, వేలికి అంటేలా ఒక పొర మిగిలింది. లీటరు కొలజాడీతో కాటా మీద పెడితే 830 గ్రాములు! మంచి ఎసిటోన్ లీటరు 780, 790 గ్రాముల మధ్యే తూగుతుంది. ఎసిటోన్‌లో నీళ్లు ఎన్ని పోసినా తేటగా కలిసిపోతాయి, కంటికి తెలియదు. బరువే పట్టిస్తుంది. ఆ జిడ్డు మాత్రం ఒకసారి వాడేసిన సరుకుదై ఉంటుందని నా అనుమానం.

తర్వాత కొన్నాళ్లు భయంతో ల్యాబులకమ్మే ఏ.ఆర్. గ్రేడు సీసాలే వాడాను, 99.5 శాతం అని రాసి ఉంటుంది. నా పనికి అంత అక్కర్లేదు. సీలు తియ్యని మామూలు క్యాన్ చాలు. చెడేదల్లా విప్పి పోసి అమ్మేచోటే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఏ.ఆర్. తోనూ వానాకాలం ఆ పొగమంచులాంటి మచ్చ వచ్చింది. ఎసిటోన్ ఎగిరిపోతూ ఆ చోటును చల్లబరుస్తుంది, మా సముద్రపు గాలిలో తేమ అక్కడే పడుతుంది. అందుకే ఇప్పుడు దానంతటది ఆరేదాకా వదలను, తడి ఉండగానే పొడిగుడ్డతో తుడిచేస్తాను. ఇంతకుముందు చేతులు కూడా దీంతోనే కడిగేవాణ్ణి, అదీ మానేశాను. చర్మంలో నూనెంతా లాగేసి వేళ్ల సందుల్లో పగుళ్లు వచ్చాయి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకున్నా కాసేపట్లో ఉబ్బిపోతాయి.

నాది మూడువైపులా తెరిచి ఉన్న షెడ్డు, కాబట్టి క్యాన్లతో కొంటున్నాను. దీని ఆవిరి గాలికంటే రెండింతలు బరువు. నేలబారున పాకి ఎక్కడో ఉన్న పొయ్యిని అందుకుంటుంది. గదిలో పనిచేసేవాళ్లకు నా లెక్క పనికిరాదు. వేలికంటిన ఫెవిక్విక్ వదిలించుకోడానికైతే గోళ్లరంగు తీసే చిన్న సీసా సరిపోతుంది, అందులో ఎసిటోన్ ఉందో లేదో చూసి కొనండి. ఆ బోటు అతుకు మళ్లీ ఉచితంగా వేసిచ్చాను. ఈ ఏడు నిషేధంలోనూ ఆయన నా దగ్గరికే తెచ్చాడు.