ఆఫీసులో రెండేళ్లు, క్లౌడ్‌లో మూడేళ్లు: మా సెక్యూరిటీ అనుభవం

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పద్నాలుగు మందిమి పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. మొదట్లో సెక్యూరిటీ అంతా మా దగ్గరే. వెనక గదిలో బయటి ట్రాఫిక్‌ను వడకట్టే ఒక ఫైర్‌వాల్, దాడుల జాడలు పసిగట్టే వజూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే ఒక సర్వర్. లైసెన్సు ఖర్చు లేదు, లాగ్స్ (ఎప్పుడు ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే రికార్డులు) గడప దాటవు. ఆ ధీమా నాకు చాలా నచ్చేది.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. కస్టమర్లు వాడే అప్లికేషన్ మాత్రం ముంబయి డేటా సెంటర్‌లో నడుస్తూనే ఉంది. తలుపులు తెరిచే ఉన్నాయి, కాపలా లేదు. ఆ రెండు రోజుల లాగ్స్ మాకు ఇక దొరకలేదు.

ఆ డిసెంబరులోనే జావా ప్రోగ్రాముల్లో లాగ్స్ రాసే లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో లోపం బయటపడింది. ఇద్దరం తెల్లవార్లూ ఒక్కో జార్ ఫైల్ (జావా కోడ్ మూట) విప్పి చూశాం. మేం పెట్టుకోకపోయినా, వేరే లైబ్రరీల వెంట వచ్చి మూడు చోట్ల కూర్చుని ఉంది. రాత్రీపగలూ చూసే మనుషులు లేకుండా సొంత సెక్యూరిటీ నడపలేమని అప్పుడే తేలిపోయింది.

సెక్యూరిటీని చందా కట్టి ఒక కంపెనీ క్లౌడ్ సర్వీసుకు అప్పగించి మూడేళ్లు దాటింది. నిరుడు ఒక రాత్రి కొత్తగా చేరిన కుర్రాడు తన కోడ్‌ను అందరి కోడ్‌లోకి పంపబోతే (దాన్నే పుష్ అంటాం) ఆ సర్వీసు ఆపేసింది, వాడు ఫోన్ చేశాడు. "అన్నా, పుష్ అవ్వట్లేదు. పదిహేడో లైనులో పాస్‌వర్డ్ ఉందంటోంది." నిజంగానే ఉంది, అదీ అసలు డేటాబేస్‌ది. ఆ ఒక్క రాత్రితో ఏడాది చందా గిట్టుబాటైందనిపించింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి నెల అనవసరపు అలర్టులతో బుర్ర వేడెక్కింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశం ప్రకారం లాగ్స్ 180 రోజులు ఉంచాలి. మా ప్లాన్‌లో 30 రోజులే, మిగతాదానికి అదనంగా కడుతున్నాం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయాయి. మేం వాడేది అది కాదు, అయినా ఆ రోజు టెన్షన్ పడ్డాం. అప్‌డేట్లను ముందు రెండు మెషిన్లలో చూసుకునే వీలు రోజువారీ డిటెక్షన్ ఫైళ్లకు (దాడులను గుర్తుపట్టే సమాచారం ఉండేవి) కూడా ఉందా అని మాకు సర్వీసు ఇచ్చే కంపెనీని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాం.

బ్యాకప్ డిస్కు, రూట్ అకౌంట్ (అన్ని అధికారాలూ ఉండే ఖాతా) రికవరీ కోడ్లు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. ప్రతి నెలా మొదటి శనివారం ఆ డిస్కు నుంచి డేటాబేస్‌ను మళ్లీ లేపి చూస్తాం. మొన్న నలభై నిమిషాలు పట్టింది.